మదుం మైల

మొన్న మా అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు పెద్దమనిషి పోయారు. పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, నా కన్నా రెండు మూడేళ్లు చిన్నే, సాయంత్రాలు నాతోపాటు గేటు దగ్గర సిమెంటు బల్ల మీద కూర్చుని కూరగాయల ధరల దగ్గర్నుంచి మోకాళ్ల నొప్పుల దాకా అన్నీ తిట్టుకునే తోడు. బెంగళూరు నుంచి కూతురు రావాలని ఆయన్ని అద్దాల పెట్టెలో ఉంచి, కింద కార్లు నిలిపే చోట ఒక వారగా పెట్టారు. ఎండాకాలం కదా, మా బోరు ఎండిపోయి నెల దాటింది, పొద్దున్నే ట్యాంకరు రాకపోతే ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. ఆ రోజూ వేళకే వచ్చింది. గొట్టం సంపు దాకా అందాలంటే ఆ పెట్టె కాస్త పక్కకి జరగాలన్నాడు డ్రైవరు. నలుగురు కుర్రాళ్లు మర్యాదగానే పట్టుకుని గోడవైపు జరిపారు, పెట్టె కాళ్ల పక్కనుంచి గొట్టం లాగారు, నీళ్లు సంపులోకి దబదబా పడ్డాయి, ఆ వెంటనే మోటారు మోగింది. ఎవరూ తప్పు చేయలేదు. పక్కనే కూర్చున్న ఆయన భార్య కూడా ఏమీ అనలేదు. నాకే ఆ నీళ్ల చప్పుడు వింటూ అక్కడ నిలబడటం చేతకాక, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కి పైకి వచ్చేశాను.

మా ఆవిడ ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉందన్నాను. నీళ్లు పారుతుంటే మీకెందుకండీ బాధ అని అడిగితే ఆవిడకైనా ఏం చెబుతాను, నలభై ఏళ్ల కిందటి మాట మొదటినుంచీ చెప్పాలి. మీలో నా ఈడువాళ్లు, కాలువ గట్ల మీద సైకిలు తొక్కినవాళ్లు, కాస్త ఓపిక పడితే చెబుతాను.

నాది గోదావరి జిల్లా. గుమ్మం దాటితే కాలువ, దొడ్డి దాటితే బోదె, నీళ్లంటే దేవుడిచ్చిందే తప్ప అడిగి తెచ్చుకునేది కాదనుకుంటూ పెరిగినవాణ్ణి. డిప్లొమా పూర్తిచేసి, డెబ్భైల చివర్లో విశాఖపట్నం వచ్చి, ఊరికి దక్షిణంగా అచ్యుతాపురం వైపు ఉన్న ఒక చిన్న ఇరిగేషను సెక్షనులో సూపర్వైజరుగా చేరాను. ఒకపక్క ఉక్కు కర్మాగారం కోసం కొండలు పేలుస్తున్నారు, ఆ చప్పుడికి మా ఆఫీసు పెంకులు కదిలేవి. ఇంకోపక్క మా కాలువ, పడమటి కొండల్లోని రిజర్వాయరు నుంచి ఈడ్చుకుంటూ వచ్చి రెండు ఊళ్ల పొలాలకి నీళ్లిచ్చేది. మా గోదావరి జిల్లాలో దాన్ని కాలువ అంటే నవ్వుతారు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజున నేనూ నవ్వాను, ఆ తర్వాత మళ్లీ నవ్విన గుర్తు లేదు.

ఇరిగేషను ఉద్యోగం అంటే గొడుగేసుకుని గట్టు మీద నిలబడటమే అనుకునేది మా అమ్మ. నిజానికి ఎండల్లో పూడిక తీయించాలి, వానల్లో గండి పడితే ఇసుక బస్తాలు మోయించాలి, రిజర్వాయరులో మట్టం ఎంతుందో పై ఆఫీసుకు చెప్పుకోవాలి, కరణం వెంటపడి నీటి తీరువా లెక్కలు రాయించాలి. అన్నిటి కన్నా ముందు, నీళ్లు రాలేదని ఒకడూ, పక్కవాడికి ఎక్కువ వచ్చాయని ఇంకొకడూ చెప్పే మాటలు, ఇద్దరికీ కాఫీ ఇప్పించి మరీ వినాలి. మా కాలువ ఒకచోట రెండుగా చీలేది. ఒక పాయ పై ఊరికి, ఒక పాయ కింది ఊరికి. చీలే చోట రెండు ఇనుప తలుపులు, వాటిని ఎత్తడానికీ దించడానికీ మరచట్రాలు. ఆ చోటుని అక్కడివాళ్లు మదుం అనేవారు. ఒక తలుపు తెరిస్తే రెండోది మూయాలి, ఇద్దరికీ ఒకేసారి సరిపడా నీళ్లు ఎప్పుడూ ఉండేవి కావు. అందుకని వంతులు. వంతు మారే వేళకి, తలుపులు తిప్పే మా లస్కరు భుజాన ఇనుప హ్యాండిలు వేసుకుని గట్టు మీద నడిచి వస్తుంటే, అటు ఊరివాళ్లూ ఇటు ఊరివాళ్లూ పారలు పట్టుకుని నిలబడి చూసేవారు. ఆ పారలు మట్టికే వాడతారన్న నమ్మకం నాకు చాలాకాలం కుదరలేదు.

ఆ రెండు ఊళ్ల మధ్య తలలు పగలకుండా చూసిన మనిషి ఆయకట్టు సంఘం అధ్యక్షుడు. నేను ఆయన్ని పెద్దాయన అనేవాణ్ణి. పై ఊరి మనిషి, ఆయన భూములకి నీళ్లు ముందు అందుతాయి, కింది ఊరు ఎండినా పండినా ఆయనకి పోయేదేమీ లేదు. అయినా ప్రతి ఏడూ సొంత ఊరివాళ్లతో పోట్లాడి, తిట్లు తిని, కింది ఊరి వంతు కింది ఊరికి ఇప్పించేవాడు. కింది ఊరి పెద్దకీ ఆయనకీ చుట్టరికం ఏమీ లేదు, అయినా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. మదుం గోడ మీద ఇద్దరూ చెరోవైపు కాళ్లు వేలాడేసుకుని కూర్చుని, "ఏటి బావా, నా నీరు తాగి బలిసిపోనావు" అని ఒకరంటే, "నీ ఊరోలు కడుక్కుని ఒదిలీసిన నీరే గదా బావా మాకొచ్చింది" అని రెండోవారు అనేవారు. ఆ మాటలు వింటూ నేను కూడా నా ఆఫీసు బాధలు మరచిపోయేవాణ్ణి.

పెద్దాయన భార్యని నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. అరుగు మీద కూర్చుని, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, దారిన పోయే ప్రతి మనిషి నడకనీ చూసి వాళ్ల ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పగల మనిషి. పెళ్లికాని నా వంట ఎలా ఉంటుందో నా మొహం చూసి కనిపెట్టి, నేను ఆ గుమ్మం ముందునుంచి వెళ్తే అంబలైనా తాగించకుండా పంపేది కాదు. వాళ్లకి ఒక్కడే కొడుకు. పై ఊరి మెట్టభూములు కొన్ని కర్మాగారం కిందికి పోయినందుకు అతనికి ఉద్యోగం వచ్చింది, శిక్షణ కోసం ఉత్తరాదిన ఇంకో ఉక్కు ఊరికి పంపారు. కొడుకు ప్యాంటు వేసుకుని తీయించుకున్న ఫొటోని పెద్దాయన సంచిలో పెట్టుకుని తిరిగేవాడు, ఆయకట్టు సంఘం మీటింగులో కూడా ఒకసారి తీసి అందరికీ చూపించాడు.

ఇక ఆ ఊళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. దాన్ని మదుం మైల అనేవారు. ఈ రెండు ఊళ్లలో ఎవరింట్లో శవం లేచినా, చితి నుంచి పొగ కనబడేదాకా మదుం ముట్టకూడదు. తలుపులు ఏ స్థితిలో ఉన్నాయో ఆ స్థితిలోనే ఉండాలి. తెరిచి ఉన్నది తెరిచే, మూసి ఉన్నది మూసే. శ్మశానం మదుం దాటాక కాలువ గట్టునే ఉండేది, పొగ లేచిందంటే లస్కరుకి అక్కడినుంచే కనబడుతుంది. మొదట్లో నాకిది మూఢనమ్మకం అనిపించింది, పెద్దాయనతోనే అన్నాను కూడా. ఆయన కోప్పడలేదు. ఏడుస్తున్నవాడు పొలం కాపలాకి పోలేడు కదా బాబూ, ఆ వేళ చూసి ఎవడూ అతని నీళ్లు తిప్పుకుపోకుండా పెద్దలు పెట్టుకున్న కట్టు ఇది అన్నాడు. నాకు అప్పటినుంచీ దాని మీద గౌరవం కలిగింది. మామూలుగా దానివల్ల నష్టం కూడా ఉండేది కాదు, పొద్దున్న పోయినవాణ్ణి మధ్యాహ్నానికల్లా సాగనంపేవారు.

ఎనభైల మొదట్లో ఒక ఏడు వినాయక చవితి తర్వాత చినుకు లేదు. మా రిజర్వాయరు అడుగు కనబడసాగింది. పట్నంలో కుళాయిల దగ్గర బిందెలు బారులు తీరాయి, పూర్ణా మార్కెట్ వీధుల్లో నీళ్ల బళ్ల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకున్నారని పేపర్లో చదివాను. ఆ తర్వాత పై ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. మిగిలిన నీళ్లన్నీ పట్నం తాగడానికే, ఫలానా గురువారం మధ్యాహ్నానికి రిజర్వాయరు దగ్గర కాలువ తలుపు మూసేయాలి. దాన్ని తప్పని నేను ఇప్పటికీ అనను, తాగడానికి నీళ్లు లేనివాడికి వరి గురించి ఏం చెబుతాం. కానీ అప్పటికి రెండు ఊళ్ల వరీ పొట్టమీద ఉంది. ఒక్క తడి, ఆ ఒక్క తడీ పడితే గింజ పాలు పోసుకుంటుంది, పడకపోతే గడ్డి.

పెద్దాయన ఆ ఆర్డరు నాచేత రెండుసార్లు చదివించుకుని, సంఘాన్ని నా ఆఫీసు వరండాలో కూర్చోబెట్టాడు. ఆదివారం రాత్రికల్లా పై ఊరి పొలాలన్నీ తడిసిపోతాయి, సోమవారం పొద్దుననుంచి తలుపు తిప్పేసి గురువారం దాకా వచ్చే ప్రతి చుక్కా కింది ఊరికే పోవాలన్నాడు. పై ఊరివాళ్లు లేచి అరిచారు, ఇంకొక్క రోజు తమకే ఉంచమన్నారు, సొంత తమ్ముడే నువ్వసలు ఏ ఊరోడివి అని అడిగాడు. పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, సోమవారం పొద్దున్న నేనే మదుం దగ్గర ఉంటాను, హ్యాండిలు నేనే తిప్పుతాను, ఎవడొస్తాడో రండి అన్నాడు. లేచినవాళ్లంతా మళ్లీ కూర్చున్నారు. కింది ఊరి పెద్ద ఆయన చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

సోమవారం పొద్దున్న మదుం దగ్గరికి బయల్దేరుతూ, తల మీద తువ్వాలు చుట్టుకుంటూ, గుమ్మంలో గుండె పట్టుకుని పెద్దాయన కూలిపోయాడు. పెద్దమ్మ మంచినీళ్లు తెచ్చేలోగా ప్రాణం పోయింది.

నేను వెళ్లేసరికి రెండు ఊళ్లూ ఆ ఇంటి ముందే ఉన్నాయి. కొడుక్కి టెలిగ్రాం ఇవ్వడానికి నా సైకిలు మీదే ఒక మనిషి పోస్టాఫీసుకి పరుగెత్తాడు. అంత దూరం నుంచి రైళ్లు మారి రావాలి, గురువారానికి గానీ చేరలేడు. ఒక్కగానొక్క కొడుకు, వాడి చేతి నిప్పు లేకుండా ఎలా సాగనంపుతాం అన్నారు పెద్దలు. అందరికీ అదే న్యాయంగా తోచింది. హార్బరులో రొయ్యల పెట్టెలకి వాడే ఐసు దిమ్మలు ఊకలో కప్పి లారీ మీద తెచ్చారు, వాటి మీద పెద్దాయన్ని పడుకోబెట్టారు. ఐసు కరిగి వాకిట్లో నీళ్లు నిలిచాయి. ఆ వాన లేని ఏడు, ఆ ఊళ్లో నీళ్లు నిలిచిన వాకిలి అదొక్కటే.

అటు మదుం దగ్గర తలుపు పై ఊరివైపే తెరిచి ఉంది. పై ఊరి పొలాలు నిండిపోయి, చేలల్లోంచి నీళ్లు పొర్లి గెడ్డలో పడుతున్నాయి, గెడ్డ నుంచి సముద్రానికి పోతున్నాయి. కింది ఊరి పాయలో బురద ఎండి పగుళ్లిచ్చింది. మంగళవారం మధ్యాహ్నం అది కళ్లారా చూసి నాకు తిక్క రేగింది. లస్కరు దగ్గర హ్యాండిలు లాక్కున్నాను. ఆ ముసలాయన మాట బతికుండగా వినని పై ఊరు, చచ్చాక ఆచారం అడ్డుపెట్టుకుని నీళ్లు మింగుతోందని అనుకున్నాను. అడ్డొస్తే పై ఊరివాళ్లు అడ్డొస్తారని, వాళ్లకి చెప్పాల్సిన మాటలు కూడా నోట్లో సిద్ధం చేసుకున్నాను.

అడ్డొచ్చింది పై ఊరివాళ్లు కాదు. కింది ఊరి పెద్ద, ఆయన వెనక కింది ఊరి మగవాళ్లు పదిమంది దాకా. పెద్ద వచ్చి మరచట్రం మీద రెండు చేతులూ వేశాడు. ఏడ్చి ఏడ్చి ఆయన గొంతు పోయింది.

"ఏటి బాబూ ఇది? మా బావ శవం ఊర్ల ఉండగా మదుం కదిపేత్తావేటి?"

గురువారం నీళ్లు ఆగిపోతాయి, మీ పంటే పోతుంది, ఆయన కోరింది కూడా ఇదే కదా అని అరిచాను. ఆ నీళ్లు ఎవరికీ కాకుండా సముద్రంలోకి పోతున్నాయన్నాను.

"పోనీ బాబూ. మాకోసం కొట్లాడినోడి మైలలో నీరు తిప్పుకున్నామంటే, ఆ గింజ మా నోట్లోకి దిగుద్దేటి?"

అందులో ఒకడు, వయసులో ఉన్నవాడు, ఎర్రబడ్డ తన చేనువైపు చూసి మొహం తిప్పుకున్నాడు. వాడు కూడా మరచట్రం మీంచి చెయ్యి తీయలేదు. నాకు వాళ్లని కొట్టాలనిపించింది, కాళ్ల మీద పడాలనీ అనిపించింది. హ్యాండిలు లస్కరుకి ఇచ్చేసి, సైకిలు తొక్కుకుంటూ పట్నం వెళ్లి, పై ఆఫీసులో గురువారాన్ని శనివారం చేయమని బతిమాలాను. అక్కడి పెద్ద ఇంజనీరు చెడ్డవాడేమీ కాదు, కుర్చీ వేయించాడు, ఒక్క పూట కూడా కుదరదన్నాడు.

బుధవారం మధ్యాహ్నం కింది ఊరి ఆడవాళ్లు మరోసారి పరామర్శకి వచ్చారు. పెద్దమ్మ మొగుడి తలవైపు కూర్చుని, ఎవరొచ్చినా ఎవరు పోయినా తలెత్తకుండా, నేల చూస్తూ ఉంది. నేల చూసే మనిషికి కనబడేవి కాళ్లే కదా. అడ్డదారిన తమ ఊరి చేల మధ్యనుంచి నడిచివచ్చిన ఆ ఆడవాళ్ల కాళ్లు చూసి ఉన్నట్టుండి తలెత్తింది.

"సేలల్లోంచే వొచ్చినారా? బురద లేదేటే కాళ్లకి?"

వాళ్లు కాళ్లు వెనక్కి లాక్కున్నారు. ఆమె ఒక్కొక్కరి మొహమూ చూసింది. మొహం చూశాక ఆమెకి ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని ఎప్పుడూ లేదు. లేచి నిలబడింది, మూడు రోజులుగా తిండి లేని మనిషి, గుంజ పట్టుకుంది. మరిది వైపు తిరిగి అందరికీ వినబడేలా అంది.

"ఆయన్ని లెగదీసీండి."

కొడుకు రేపు వస్తున్నాడు కదా వదినా అన్నాడు మరిది. ఇంకొకరెవరో తలకొరివి కొడుకు పెట్టకపోతే ఆయనకి గతులుంటాయా అన్నారు. కింది ఊరి పెద్ద వద్దమ్మా, మాకొద్దమ్మా అని ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు. పెద్దమ్మ అందరూ అయ్యేదాకా ఆగింది.

"కొడుకు రేపొచ్చినా నన్ను తిడతాడు, మరి పదేళ్లకొచ్చినా తిడతాడు. వరి ఆగదు. ఆయన సోమారం పొద్దున్న ఏ పనికి బయల్దేరినాడో ఆ పని సేసీండి."

బుధవారం పొద్దువాలే వేళకి పెద్దాయన్ని తీసుకెళ్లారు. పాడె మోసినవాళ్లలో ముందు ఇద్దరూ కింది ఊరివాళ్లే. మరిది కొడుకు నిప్పు పెట్టాడు. మదుం దగ్గర లస్కరూ నేనూ నిలబడి ఉన్నాం, పొగ లేవగానే లస్కరు హ్యాండిలు తీసి నా చేతికిచ్చాడు, నేను తిప్పలేక మళ్లీ అతనికే ఇచ్చాను. పై ఊరి తలుపు దిగింది, కింది ఊరి తలుపు లేచింది. ఎండిన పాయలోకి నీళ్లు వెళ్లాయి. మామూలు రోజుల్లో ఆ వేళ కింది ఊరి పిల్లలు నీళ్ల ముందు పరుగెత్తుకుంటూ కేకలేసేవారు. ఆ రోజు కేకలు లేవు, ఒక్కరు కూడా పరుగెత్తలేదు.

మిగిలింది చెప్పాలంటే నాకిప్పటికీ చేదుగా ఉంటుంది. అన్ని రోజులు ఎండిన కాలువ ముందు తన దాహం తీర్చుకుంది. రాత్రంతా నీళ్లు పగుళ్లలోకే ఇంకిపోయాయి. గురువారం మధ్యాహ్నం రిజర్వాయరు దగ్గర తలుపు నా చేతుల మీదుగానే మూతపడింది. కింది ఊళ్లో మదుంకి దగ్గరున్న నాలుగు మడులు తడిశాయి, అంతే. మిగతా ఊరంతా గడ్డయింది. అదే గురువారం సాయంత్రం కొడుకు దిగాడు. స్టేషను నుంచి తిన్నగా శ్మశానానికి వచ్చాడట, బూడిద ఇంకా వెచ్చగానే ఉందట. మర్నాడు నా ఆఫీసుకి వచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా, "మా అయ్య కంటే మీ నీరు ఎక్కువైపోనాదా బాబూ? ఒక్క రోజు ఆగలేకపోనారా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోగా వెళ్లిపోయాడు.

దినం నాడు భోజనాలయ్యాక పెద్దమ్మ నన్నూ కింది ఊరి పెద్దనీ లోపలికి పిలిచింది. తెల్లచీరలో చిన్నపిల్లలా అయిపోయింది. నీరందిందా బాబూ అని నన్నే అడిగింది. పక్కనుంచి కింది ఊరి పెద్ద, తన చేనంతా పశువులకి వదిలేసి వచ్చిన మనిషి, నా వైపు చూడనైనా చూడకుండా చెప్పాడు.

"అందిందమ్మా. ఆఖరి మడి దాకా అందీసింది."

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ రోజు ఆమె రెండు ముద్దలు తిన్నదని వాళ్ల మరిది భార్య చెప్పింది.

కోతల రోజులు గడిచాక నేను ఏదో పనిమీద పట్నం వెళ్లి తిరిగి వస్తుంటే, పూర్ణా మార్కెట్ దగ్గర బస్సెక్కాడు కింది ఊరి పెద్ద. బస్సు మీదకి ఒక బియ్యం బస్తా ఎక్కించాడు. వరి పండించే ఊరి పెద్ద బజారులో బియ్యం కొనడమేమిటని నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. ఏటా తమ ఊరి కొత్త బియ్యం మొదటి బస్తా బావ ఇంటికే పోవడం అలవాటు. ఈ ఏడు పంపకపోతే ఆమెకి తెలిసిపోతుంది. పై ఊళ్లో అప్పడిగితే ఆమె చెవిన పడుతుంది. అందుకని ఊరంతా కలిసి కొన్నారు. కొట్లో కొత్తబియ్యం అడిగితే ఇంకా రాలేదన్నాడు బాబూ, పాతవే ఇచ్చినాడు అని, ఆ సంగతే బస్సు దిగేదాకా నాలుగుసార్లు చెప్పుకున్నాడు.

నాలుగో రోజున పెద్దమ్మ కబురు పెడితే వెళ్లాను. కింది ఊరి కొత్త బియ్యంతో పరమాన్నం చేశానంది. ఆకు వేసి వడ్డించింది. కొత్త బియ్యం ఎంత జాగ్రత్తగా వండినా ముద్దవుతుంది, వంట రాని నాకే తెలుసు. నా ఆకులో పరమాన్నం మెతుకుకి మెతుకు అంటకుండా ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ బియ్యం కడిగిన చేతులు ఆమెవి. నేను తలెత్తి చూశాను. ఆమె గుమ్మంవైపు చూస్తూ, "బాగా పండిందంట బాబూ కింది ఊరు. ఇంకొంచెం ఎయ్యనా?" అంది. వేయించుకున్నాను. ఆ ఆకు ఖాళీ చేయడం నా వల్ల అయ్యేది కాదనుకున్నాను గానీ, చేశాను.

కొడుకు శిక్షణ ముగించుకుని వచ్చి కర్మాగారం క్వార్టర్సులో కాపురం పెట్టాడు. తల్లిని చూడటానికి వచ్చేవాడు, అరుగు మీద కూర్చునేవాడు, లోపలికొచ్చి అన్నం తినకుండా లేచిపోయేవాడు. ఆమె రమ్మనేది కాదు, వద్దనేది కాదు, అతను వెళ్లేటప్పుడు మలుపు తిరిగేదాకా చూసేది. నేను ఎన్నోసార్లు అతనికి చెప్పాలనుకున్నాను. ఏమని చెబుతాను? నీళ్లు అందాయని అబద్ధం చెబితే ఆమెకి అన్యాయం, అందలేదని నిజం చెబితే ఇంకా అన్యాయం. ఆ తర్వాత పట్నం పెరిగింది, కర్మాగారం పెరిగింది, రిజర్వాయరు నీళ్లు ఏడాది పొడుగునా గొట్టాల్లోనే పోసాగాయి. మా సెక్షను ఎత్తేశారు, లస్కరు రిటైరయ్యాడు, నన్ను పట్నంలో కుర్చీ పనిలో వేశారు. రెండు ఊళ్ల మగవాళ్లూ కర్మాగారం కట్టుబడి పనులకీ హార్బరుకీ పోసాగారు.

ఎనభైలు ముగుస్తుండగా పెద్దమ్మ పోయిందని కబురొస్తే వెళ్లాను. ఈసారి కొడుకు ఉన్నాడు, ఆఖరి వారమంతా ఆమె దగ్గరే ఉన్నాడట. కింది ఊరివాళ్లు డ్యూటీలోంచి తిన్నగా వచ్చారు, హెల్మెట్లు చంకలో పెట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. కింది ఊరి పెద్ద కర్ర పట్టుకుని వచ్చాడు, చూపు బాగా తగ్గిపోయింది. పాడె కట్టడం అయింది. ఇక లేపాలి. కొడుకు కుండ చేత్తో పట్టుకుని ముందుకి అడుగు వేయబోయి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, ఎవరికోసమో వెతుక్కుని, కింది ఊరి పెద్దని చూసి అడిగాడు.

"మదుం ఆపినారా?"

ఆ కాలువలో నీళ్లు చూసి ఎన్నో ఏళ్లయింది. తలుపులకి తుప్పు పట్టింది, మరచట్రం ఎవరో విప్పుకుపోయారు, పాయ నిండా సర్కారు తుమ్మ. ఆ సంగతి అతనికి తెలియనిది కాదు. ఎవరూ నవ్వలేదు. హెల్మెట్లు పట్టుకున్న కుర్రాళ్లు కూడా తల వంచుకున్నారు.

"ఆపీసినాం బాబూ," అన్నాడు కింది ఊరి పెద్ద. "నువ్వు లెగదియ్."

మదుం పక్కనుంచి వెళ్తుంటే, ఆ విరిగిన గోడ మీద కింది ఊరి మనిషి ఒకడు నిజంగానే కూర్చుని ఉన్నాడు. పొగ లేచేదాకా కాపలా ఉండమని పెద్ద ముందే పంపాడట. కొడుకు అతన్ని చూశాడు. చూసి, కుండ మోస్తూనే బావురుమన్నాడు, తల్లి పోయినప్పటినుంచీ అతను ఏడవడం అదే మొదటిసారి అన్నారు.

ఇప్పుడు ఆ పొలాల్లో ప్రహరీ గోడలున్నాయి, ఫ్యాక్టరీ బస్సులు తిరుగుతున్నాయి. మదుం ఉన్నచోటు నాకే గుర్తుపట్టడం కష్టమైంది. నీళ్లు ఇప్పుడు గోడకున్న మీట నొక్కితే వస్తాయి, ఆ మీటకి కింద ఎవరింట్లో ఎవరు పోయారో తెలియాల్సిన పనిలేదు. సుఖంగానే ఉంది, కాదనను. ఒకరి ఏడుపు కోసం ఇంకొకరు తమ పంట వదులుకోవాలని ఎవరికైనా ఎలా చెబుతాం? ఆ రోజు వాళ్లు చేసింది సరైన పనేనా అని అడిగితే నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ల లాంటి మనుషుల మధ్య ఒకప్పుడు బతికానన్నది మాత్రం, ఈ వయసులో, కొంచెం గర్వంగానూ చాలా దిగులుగానూ ఉంటుంది.

రెండో అంతస్తు పెద్దమనిషి కూతురు మధ్యాహ్నానికి వచ్చింది. ఆయన్ని తీసుకెళ్లేదాకా మా ఇంట్లో కుళాయి తిప్పొద్దని మా ఆవిడకి చెప్పాను. ఎందుకని అడగలేదు, బిందెలో ఉన్న నీళ్లతోనే సర్దుకుంది. పైన ట్యాంకు నిండి, పొర్లి, గోడ మీంచి కారుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.